ఎలుకలు కొరికిన ఆర్గాన్: ఒక యూత్ గుంపులో కథల మీద పోయిన నమ్మకం (కేస్ స్టడీ)

సండే స్కూల్ టీచర్లకు, యూత్ నాయకులకు సంఘ చరిత్రలోని సంఘటనలను ఎలా చెప్పాలో శిక్షణ ఇవ్వడం నా పని. హతసాక్షుల కథలు, పరిశుద్ధుల గురించిన పాత గాథలు, మిషనరీల జీవితాలు, మన జిల్లాల్లో జరిగిన ఉజ్జీవాలు అన్నీ ఇందులోకి వస్తాయి. ఈ కేసులో ఉన్న టీచరమ్మ, అబ్బాయి, అతని తల్లిదండ్రులు రాయడానికి ఒప్పుకున్నారు. ఊరు, సంఘం, కుటుంబ వివరాలు తీసేశాను. మనుషులను గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాను. కథల గురించి, వాటి ఆధారాల గురించి రాసినవేవీ మార్చలేదు.

నేపథ్యం

కోస్తాలో ఒక పాత బాప్టిస్టు సంఘం. శనివారం సాయంత్రం యూత్ మీటింగ్, ఆదివారం ఆరాధనకు ముందు సండే స్కూల్. టీచరమ్మ ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యారు. సంఘంలో ఇప్పుడు పెళ్లిళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా ఆమె దగ్గర కథలు విన్నవాళ్లే. ఆమె దగ్గర ఒక లావుపాటి నోట్‌బుక్ ఉంది. ప్రసంగాల్లో విన్నవి, క్రైస్తవ మాసపత్రికల్లో చదివినవి, కన్వెన్షన్లలో రాసుకున్నవి అన్నీ అందులో ఉన్నాయి. ఈ మధ్య ఫోన్‌కు వచ్చినవి కూడా చేరాయి. ఏ కథ ఎక్కడిదో మాత్రం రాసి లేదు. పాత నోట్‌బుక్కులు చాలామటుకు ఇలాగే ఉంటాయి. కథ చేతికి వచ్చినప్పుడు దాని పుట్టుక ఎవరూ చెప్పి ఉండరు.

అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఆమె క్లాసులో ముందు వరుసలో కూర్చున్నవాడు. ఈ సంగతి కేసుకు ముఖ్యం. కథలంటే ఇష్టం లేని పిల్లవాడు అవి నిజమా కాదా అని ఫోన్లో వెతకడు.

వచ్చిన సమస్య

క్రిస్మస్‌కు ముందు వారం యూత్ మీటింగ్‌లో టీచరమ్మ మన సంఘాల్లో ‘శుద్ధరాత్రి’ అని పాడుకునే పాట పుట్టిన కథ చెప్పారు. ఆస్ట్రియాలో ఒక పల్లె గుడి. క్రిస్మస్ ముందు రోజున చూస్తే ఆర్గాన్ (తిత్తుల గాలితో మోగే పెద్ద వాద్యం) తిత్తులను ఎలుకలు కొరికేశాయి. పండగకు సంగీతం లేదు. పాదిరిగారు ఆ రాత్రే పాట రాశారు, స్నేహితుడు గిటారు మీద బాణీ కట్టాడు. ఆమె బాగా చెప్పారు, పిల్లలు కదలకుండా విన్నారు.

అబ్బాయి అక్కడే ఫోన్ చూసి లేచాడు. “టీచరమ్మగారూ, ఎలుకలు ఎక్కడా లేవండీ. పాట కూడా ఆ రాత్రి రాసింది కాదు, రెండేళ్ల ముందు రాసింది” అన్నాడు. ఎగతాళి చేయలేదు. కానీ అందరి ముందూ అన్నాడు. ఆమె ఏమీ అనలేకపోయారు. కొందరు పిల్లలు నవ్వారు.

అక్కడితో ఆగితే కేసు అయ్యేది కాదు. జనవరి నాటికి యూత్‌లో అదొక అలవాటైంది. టీచరమ్మ చెప్పిన కథలు ఒక్కొక్కటే వెతకడం, గ్రూపులో పెట్టడం. మార్టిన్ లూథర్ తన 95 వాదాల కాగితాన్ని గుడి తలుపుకు మేకులతో కొట్టాడో లేదో తెలియదట. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆకాశంలో సిలువను చూసిన సంగతి ఇద్దరు రెండు రకాలుగా రాశారట. చివరికి ఒక అమ్మాయి గ్రూపులోనే అడిగింది: “మరి బైబిల్లోవి కూడా ఇంతేనా?” ఆ మెసేజ్‌తో తల్లిదండ్రులకు టెన్షన్ మొదలైంది. పాస్టర్ గారు నన్ను పిలిచింది అప్పుడే.

నేను వెళ్లేలోపు సంఘం రెండు పనులు చేసింది. ఒక సంఘ పెద్ద అబ్బాయిని పిలిచి, పెద్దవాళ్లను అందరి ముందు ప్రశ్నించడం విశ్వాసి లక్షణం కాదని గట్టిగా మందలించారు. పాస్టర్ గారు ఒక ఆదివారం విశ్వాసం గురించి ప్రసంగించారు. ప్రసంగం మంచిదే, కానీ పిల్లలు అడిగింది విశ్వాసం గురించి కాదు, ఎలుకల గురించి. అడిగినదానికి జవాబు రాకపోతే పిల్లలు జవాబు లేదనే అనుకుంటారు. అబ్బాయి యూత్ మీటింగ్ మానేశాడు. ఆరాధనకు వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. టీచరమ్మ నోట్‌బుక్ మూసేసి, పాఠం పుస్తకం చూసి చదివి వినిపించడం మొదలుపెట్టారు.

నేను చూసినది

ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి. ఈ కథ జరిగిందా అన్నది ఒకటి. టీచరమ్మ మాట నమ్మవచ్చా అన్నది రెండు. లేఖనాల సంగతేమిటి అన్నది మూడు. తల్లిదండ్రులు మూడోదానితో మొదలుపెట్టమన్నారు. నేను వద్దన్నాను. అబ్బాయికి పునరుత్థానం మీద సందేహం రాలేదు. తనకు ఇష్టమైన మనిషి, తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పారన్నది అతని బాధ. ఆ బాధ అలాగే ఉండగా లేఖనాల ప్రామాణికత మీద క్లాసు తీసుకుంటే, ఆ క్లాసునూ అతను అదే అనుమానంతో వింటాడు. అందుకని మొదటి విషయం ద్వారా రెండోదాన్ని బాగుచేయాలని, మూడోది పిల్లలే మళ్లీ అడిగేదాకా ఆగాలని అనుకున్నాం.

ఇంకొకటి కూడా గమనించాను. పైకి టీచరమ్మ, అబ్బాయి ఎదురెదురుగా ఉన్నట్టు కనిపించినా, లోపల ఇద్దరి లెక్కా ఒకటే. ఇద్దరి దృష్టిలోనూ కథ ఉంటే పూర్తిగా జరిగి ఉండాలి, లేకపోతే అబద్ధం. ఆమె అన్నిటినీ ఒక వైపు పెట్టారు, అతను అన్నిటినీ రెండో వైపుకు తోశాడు.

మొదటి ప్రయత్నం: పేర్లు పెట్టి విడదీయడం

నోట్‌బుక్‌లోని కథలను మూడు రకాలుగా విడదీద్దామన్నాను: చరిత్ర, గాథ, సంఘ సంప్రదాయం. ప్రతి కథకు ముందు అది ఏ రకమో టీచరమ్మ చెప్పాలి. ఈ వయసు పిల్లలకు స్పష్టత కావాలి, ఏది ఏదో ముందే తెలిస్తే మోసపోయామన్న భావన రాదు అన్నది నా ఆలోచన.

ఇది నిలబడలేదు. “ఇది గాథ” అని మొదలుపెట్టగానే పిల్లలు వినడం మానేశారు. “ఇది చరిత్ర” అన్నప్పుడు ఫోన్లు తీశారు. దానికంటే పెద్ద ఇబ్బంది కాన్‌స్టంటైన్ దగ్గర వచ్చింది. క్రీ.శ. 312 అక్టోబరు 28న, రోమా దగ్గర, కాన్‌స్టంటైన్ గెలిచిన మిల్వియన్ వంతెన యుద్ధం జరిగిందనడంలో సందేహం లేదు. ఆ కాలంలోనే ఉన్న క్రైస్తవ రచయిత లాక్టాంటియస్, యుద్ధానికి ముందు చక్రవర్తికి ఒక కల వచ్చిందని, సైనికుల డాళ్ల మీద క్రీస్తు గుర్తు వేయించాడని రాశాడు. అదే కాలపు బిషప్ యూసేబియస్ తన సంఘ చరిత్రలో ఈ యుద్ధం గురించి రాస్తూ దర్శనం మాటే ఎత్తలేదు. కాన్‌స్టంటైన్ చనిపోయాక రాసిన జీవిత చరిత్రలో మాత్రం, పట్టపగలు ఆకాశంలో వెలుగు సిలువను సైన్యమంతా చూసిందని, చక్రవర్తే తనకు ఒట్టు వేసి చెప్పాడని రాశాడు. ఇది చరిత్రా, గాథా, సంప్రదాయమా? ఏ రకం కిందా పూర్తిగా ఇమడదు. పిల్లలు దాన్ని ఎక్కడ పెట్టాలో వాదించుకుంటూ గంట గడిపేశారు. అసలు కథ ఎవరూ వినలేదు. టీచరమ్మ ఒక పక్క ముద్దాయిలా నిలబడిపోయారు. ఆమె మాట మీద నమ్మకం పెంచాల్సిన పద్ధతి ఆమెను విచారణలో నిలబెట్టడంతో దాన్ని ఆపేశాం.

రెండో ప్రయత్నం: గట్టి ఆధారం ఉన్నవే చెప్పడం

పాస్టర్ గారి సూచన ఇది. అనుమానం ఉన్నవన్నీ పక్కనపెట్టి, సాక్ష్యం బలంగా ఉన్నవే చెబుదాం అన్నారు. నాకూ సబబుగానే అనిపించింది. నమ్మకం ఒకసారి దెబ్బతిన్నచోట కొన్నాళ్లు గట్టి నేల మీదే నడవడం మంచిది.

మొదట 1914 క్రిస్మస్ సంధి చెప్పాం. మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్లాండర్స్ కందకాలు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి జర్మన్ సైనికులు పాటలు పాడారు, బ్రిటిష్ వైపు నుంచి జవాబుగా పాటలు వచ్చాయి. తెల్లవారి రెండు వైపుల వాళ్లూ మధ్య నేలలోకి వచ్చి చేతులు కలిపారు, పొగాకు పంచుకున్నారు, రోజుల తరబడి అక్కడే పడి ఉన్న శవాలను పాతిపెట్టారు. ఒకచోట ఇరుపక్షాల మృతులకు కలిపి జరిగిన ఆరాధనలో 23వ కీర్తన ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ చదివారు. సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు కొద్ది రోజులకే పేపర్లలో అచ్చయ్యాయి. జనవరిలో ఫోటోలు కూడా వచ్చాయి. ఎంత వెతికినా నిలబడే సంఘటన ఇది. రెండు జట్లు కట్టి పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడారన్న భాగానికి మాత్రం అంత బలం లేదు. ఉత్తరాల్లో అక్కడక్కడా బంతి తన్నుకున్న మాట ఉంది. పిల్లలు బాగా విన్నారు. 23వ కీర్తన దగ్గర ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

తరువాత పోలికార్పు. స్ముర్న (నేటి టర్కీలోని ఊరు) సంఘ బిషప్, రెండో శతాబ్దం. క్రీస్తును దూషించు, వదిలేస్తాను అని అధికారి అంటే, “ఎనభై ఆరేళ్లు ఆయనను సేవించాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషిస్తాను?” అన్న ముసలాయన. ఇది ఎవరో తరాల తరువాత అల్లిన కథ కాదు. స్ముర్న సంఘమే ఫిలొమేలియ సంఘానికి రాసిన ఉత్తరం మన దగ్గర ఉంది. గట్టి ఆధారానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని దీన్ని ఎంచుకున్నాం.

ఉత్తరం మొత్తం చదువుదామని టీచరమ్మే అన్నారు. మంట ఆయనను తాకకుండా గాలికి నిండిన తెరచాపలా చుట్టూ నిలిచిందని అందులో ఉంది. చివరికి కత్తితో పొడిస్తే గాయంలోంచి ఒక పావురం బయటికి వచ్చిందని, రక్తానికి మంట ఆరిపోయిందని ఉంది. అదే ఉత్తరాన్ని తన చరిత్రలో ఎత్తి రాసిన యూసేబియస్ దగ్గర పావురం లేదు. అంటే మనం గట్టి నేల అనుకున్నచోట కూడా, ఒకే కాగితం మీద, సాక్షి చూసినది, సాక్షికి కనిపించిన తీరు, మధ్యలో ఎవరో రాసుకొచ్చినది కలిసి ఉండవచ్చు. టీచరమ్మ చదవడం ఆపి నా వైపు చూశారు. “ఇప్పుడు పావురాన్ని ఏం చెయ్యమంటారండీ?” అన్నారు.

నిజాయితీగా అడిగిన ప్రశ్న అది. తీసేస్తే సంఘం రాసిన ఉత్తరాన్ని మనం కత్తిరించినట్టు. ఉంచి ఏమీ అనకపోతే మళ్లీ మొదటికి వచ్చినట్టు. ఆధారం ఉన్నవీ లేనివీ అని కథలను విడదీయడం కుదరదని, గీత ఒక్కో కథ లోపలే ఉంటుందని అక్కడ తేలిపోయింది.

పనిచేసినది

అప్పుడు పద్ధతి మార్చాం. కథ చెప్పినవాణ్ణి కూడా కథలోకి తేవాలి. ఎవరు రాశారు, ఎన్నేళ్లకు రాశారు, ఆయన అక్కడ ఉన్నాడా, లేకపోతే ఎవరి దగ్గర విన్నాడు అన్నవి ముందు హెచ్చరికగా గానీ చివర క్షమాపణగా గానీ చెప్పకూడదు. కథ నడకలోనే రావాలి. పావురం దగ్గరికి వచ్చేసరికి, “పావురం ఎగిరింది అని ఈ ప్రతిలో ఉంది. యూసేబియస్ చేతికి వచ్చిన ఉత్తరంలో పావురం లేదు. కానీ ఆ ముసలాయన అన్న మాట రెండింటిలోనూ ఉంది” అని టీచరమ్మ అదే గొంతుతో, అదే ఊపులో చెప్పాలి.

ఇది పనిచేస్తుందని నాకు నమ్మకం కలగడానికి కారణం మన పెద్దవాళ్లు ఇంట్లో కథ చెప్పే తీరు. “మీ తాతయ్య చూశాడట”, “నేను పుట్టకముందు సంగతి, మా అత్తమ్మ చెప్పేది” అని వాళ్లు సహజంగానే సాక్షిని కథలో పెడతారు. దానివల్ల కథ పలచబడదు. గుడిలో, మైకు ముందు మాత్రమే మనం ఆ మాటలు వదిలేసి అంతా కళ్లతో చూసినట్టు చెబుతాం.

మొదట తెలెమాకస్ కథ మీద సాధన చేశాం. టీచరమ్మ నోట్‌బుక్‌లో ఉన్నది అందరికీ తెలిసిన రూపమే. ఒక సన్యాసి రోమాకు వచ్చాడు, కొలోసియంలో మనుషులు చంపుకోవడం చూసి మధ్యలోకి దూకాడు, “క్రీస్తు నామంలో ఆపండి” అని అరిచాడు, ఒక గ్లాడియేటర్ కత్తికి బలయ్యాడు, అది చూసి జనం ఒక్కొక్కరే మౌనంగా లేచి వెళ్లిపోయారు, ఆ రోజుతో గ్లాడియేటర్ పోటీలు ఆగిపోయాయి.

ఇప్పుడు మూలం. అయిదో శతాబ్దం మధ్యలో, సిరియాలో బిషప్‌గా ఉన్న థియోడొరెట్ రాశాడు. నాలుగైదు వాక్యాలే. హొనోరియస్ చక్రవర్తి కాలంలో తూర్పు నుంచి తెలెమాకస్ అనే సన్యాసి వచ్చి, స్టేడియంలోకి దిగి, పోరాడుతున్నవాళ్లను ఆపబోయాడు. కొలోసియం పేరు లేదు. అరిచిన మాటలు లేవు. ముఖ్యంగా, అతన్ని చంపింది గ్లాడియేటర్ కాదు. ఆట చెడగొట్టాడన్న కోపంతో చూడవచ్చిన జనమే రాళ్లతో కొట్టి చంపారు. ఆ సంగతి విని చక్రవర్తి ఆ పోటీలను రద్దు చేశాడు. 325లోనే కాన్‌స్టంటైన్ వీటికి వ్యతిరేకంగా ఒక చట్టం చేసినా అవి ఆగలేదు. హొనోరియస్ తరువాత కూడా రోమాలో మృగాల వేటలు మరో నూరేళ్లకు పైగా సాగాయి.

టీచరమ్మ దీన్ని రెండుసార్లు చదివారు. “జనం మౌనంగా వెళ్లిపోయారు అని ఇన్నాళ్లూ చెప్పాను. జనమే కొట్టి చంపారా?” అన్నారు. కాసేపటికి, “ఇది చెప్పడం కష్టం, కానీ ఇదే చెప్పాలి” అన్నారు. ఆమె తీర్పుతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మనకు అలవాటైన రూపంలో తప్పంతా కత్తి పట్టినవాడిది. మూలంలో తప్పు మెట్ల మీద కూర్చుని చూస్తున్నవాళ్లది, అంటే కథ వింటున్న మనలాంటి వాళ్లది. పాత నోట్‌బుక్కులతో నాకు ఇది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. చేతులు మారేకొద్దీ కథ మెత్తబడుతుంది, మనల్ని గుచ్చే ముల్లు పోతుంది. ఆధారం వెతకడమంటే కథను చంపడమని భయపడే టీచర్లకు నేను మొదట తెలెమాకస్‌నే చూపిస్తాను.

ఆ శనివారం ఆమె చెప్పినప్పుడు ఎవరూ ఫోన్ తీయలేదు. థియోడొరెట్ ఎన్నేళ్లకు రాశాడో ఆమె నోటే విన్నాక వెతకడానికి ఏమీ మిగలలేదు.

అబ్బాయి తిరిగి రావడం

అతన్ని మీటింగ్‌కు రమ్మని ఒత్తిడి చేయవద్దని ముందే చెప్పాను. పిలవాల్సింది నేనూ కాదు, పాస్టర్ గారూ కాదు. టీచరమ్మే ఒక రోజు వాళ్లింటికి వెళ్లారు. క్షమాపణ అడగడానికి గానీ అడిగించుకోవడానికి గానీ కాదు. “నాన్నా, తోమా కథ చెప్పాలనుకుంటున్నా. నాకు వెతకడం చేతకాదు. నువ్వు వెతికిపెట్టు, నేను చెబుతాను” అన్నారు. ఈ పని అప్పగించడం మా ఇద్దరి ఆలోచనే. అందరి ముందు తప్పు పట్టడానికి వాడిన నైపుణ్యాన్ని, కథ తయారయ్యే దశలోకి తీసుకురావాలి. అప్పుడు అతను తీర్పరి కాడు, పనిలో భాగస్తుడు.

అపొస్తలుడైన తోమా కథను ఎంచుకోవడానికి కారణం ఉంది. మూడో శతాబ్దం తొలి భాగంలో, ఎదెస్సా ప్రాంతంలో, సిరియక్ భాషలో పుట్టిన ‘తోమా కార్యాలు’ అనే పుస్తకంలో ఈ కథ ఉంది. తోమా భారతదేశానికి వెళ్లనంటాడు. ప్రభువు అతన్ని హబ్బాను అనే వర్తకుడికి బానిసగా అమ్మేస్తాడు. గుండఫరు అనే రాజు భవనం కట్టమని డబ్బిస్తే, తోమా అంతా పేదలకు పంచేస్తాడు. రాజు అతన్ని చెరసాలలో వేస్తాడు. అంతలో రాజు తమ్ముడు గాదు చనిపోయి, పరలోకంలో అన్న కోసం కట్టిన భవనాన్ని చూసి, తిరిగి బ్రతికి వచ్చి ఆ సంగతి చెబుతాడు. చదవగానే అబ్బాయి ఇది పూర్తిగా కల్పితమని తేల్చేస్తాడని నాకు తెలుసు. మొదట అలాగే అన్నాడు కూడా.

తరువాత అతనికే నాణేలు దొరికాయి. గుండఫరు అనే రాజు ఎవరో చాలాకాలం చరిత్రకారులకు తెలియదు. 19వ శతాబ్దంలో ఆఫ్ఘనిస్థాన్, పంజాబ్ ప్రాంతాల్లో గొండోఫారిస్ పేరున్న నాణేలు బయటపడ్డాయి. నేటి పాకిస్థాన్‌లోని తఖ్త్-ఇ-బాహీ శాసనంలోనూ ఆ పేరు ఉంది. మొదటి శతాబ్దంలో, అపొస్తలుల కాలంలో ఏలిన ఇండో-పార్థియన్ రాజు. అబ్బాయి రాత్రి పదింటికి టీచరమ్మకు ఫోన్ చేశాడు. “రాజు నిజంగా ఉన్నాడండీ!”

మరుసటి రోజు అతనే ఇంకో మాట అన్నాడు. నాణెం ఉంది కాబట్టి భవనం కథ జరిగిందని కాదు కదా అన్నాడు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒక గాథలో రెండు వందల ఏళ్లపాటు ఒక రాజు పేరు చెడకుండా నిలిచింది, కానీ ఆ రాజు చుట్టూ జరిగినదాన్ని రుజువు చేసే సాక్షి లేడు. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో పట్టుకోవడం అతనికి అప్పుడు వచ్చింది. ఆ వారం మీటింగ్‌లో తోమా కథ టీచరమ్మ చెప్పారు, నాణేల భాగం అతను చెప్పాడు. మలబారు క్రైస్తవులు తోమా 52లో వచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారని, మైలాపూర్‌లో ఆయన సమాధిగా చూపే చోటు ఉందని కూడా కలిపాడు. మద్రాసు వెళ్లినప్పుడు, తోమా చనిపోయిన చోటని చెప్పుకునే పరంగిమలై కొండ ఎక్కినవాళ్లు సంఘంలో చాలామందే ఉన్నారు.

‘శుద్ధరాత్రి’ని కూడా ఆమె తిరగరాసుకున్నారు. 1816లో మరియఫార్‌లో పాదిరి యోసెఫ్ మోర్ పద్యం రాశాడు. నెపోలియన్ యుద్ధాలు అప్పుడే ముగిశాయి, ఆ ఏడాది యూరప్‌లో వేసవి రాలేదు, పంటలు పోయాయి. 1818 డిసెంబరు 24న బడిపంతులు గ్రూబర్ బాణీ కట్టాడు, ఓబెర్న్‌డార్ఫ్ గుడిలో ఇద్దరూ గిటారుతో పాడారు. 1854లో గ్రూబర్ ఆ సంగతంతా తన చేత్తో రాసిపెట్టాడు. అందులో ఎలుకలు లేవు. 1816 అని ఉన్న మోర్ చేతిరాత ప్రతి 1995లో బయటపడింది. ఎలుకలను ఆమె వదిలేయలేదు. గిటారు ఎందుకు వాడారో గ్రూబర్ చెప్పకపోవడంతో తరువాతి జనం ఆ ఖాళీని ఎలుకలతో నింపారని ఆమె చెబుతారు.

మన జిల్లా కథ

అన్నిటికంటే లోతుగా వెళ్లింది 1878 దగ్గర. గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు ఇళ్లలో తెలియనివాళ్లు ఉండరు. ఈ సంఘంలో అందరూ చెప్పుకునేది, అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లలో నిలబడి తన చేతులతో అందరికీ ఇచ్చారని.

మేం దీన్ని కొత్త పద్ధతిలో తయారుచేశాం. 1876 నుంచి 78 దాకా దక్షిణ భారతాన్ని పీల్చేసిన కరువు. క్లౌ సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వాళ్లకు కూలి చూపించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి, పని ఆగినప్పుడు సువార్త చెప్పేవారు. బాప్తిస్మం కావాలని వేలమంది అడిగినా కరువు ఉన్నంతకాలం ఇవ్వలేదు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. ఇవ్వడం మళ్లీ మొదలయ్యాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర ఆ 2,222 మంది. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు అభిషిక్త తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున. దీనికి పన్నెండేళ్ల ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది మాదిగపల్లెల్లో ఊరూరా తిరిగి చెప్పి ఉండకపోతే ఆ జనం నదికి వచ్చేవారే కాదు.

టీచరమ్మ ఇది చెప్పిన రోజు వెనక కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, వాళ్ల తాత ముత్తాతలు ఆ కాలువ తవ్వారని వాళ్ల నాయనమ్మ చెప్పేదని అన్నారు. ఏ ఊరో, ఎవరో ఆమెకు తెలియదు. అబ్బాయి ఆ మాటను రాసుకున్నాడు. పక్కన, “నాయనమ్మ చెప్పగా ఈమె విన్నది” అని కూడా రాసుకున్నాడు. దొర ఒక్కడే చేశాడన్న రూపంలో మన బోధకులు కనిపించకుండా పోయారు. ఆధారం దగ్గరికి వెళితే మనవాళ్లే తిరిగి వచ్చారు. నేను ఈ కేసును రాయాలనుకోవడానికి పెద్ద కారణం ఇదే.

అంతా చక్కబడలేదు. అబ్బాయిని మందలించిన పెద్దాయనకు ఈ పద్ధతి ఇప్పటికీ నచ్చలేదు. దొరగారి పేరు తగ్గించారని బాధపడ్డారు. ఆ బాధలో ప్రేమ ఉంది కాబట్టి వాదించవద్దని పాస్టర్ గారికి చెప్పాను.

నేర్చుకున్నవి, ఇంకా తేలనివి

లేఖనాల ప్రశ్న చివరికి పిల్లలే మళ్లీ ఎత్తారు, ఈసారి మామూలు గొంతుతో. పాస్టర్ గారు లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు చదివించారు. కన్నులారా చూసినవాళ్లు అప్పగించినదాన్ని మొదటినుంచి పరిష్కారంగా తెలుసుకుని వరుసగా రాస్తున్నానని లూకా అంటాడు. తరువాత కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం. ప్రభువు ఐదు వందల మందికి పైగా కనిపించాడని చెబుతూ, వాళ్లలో చాలామంది ఇంకా బ్రతికే ఉన్నారని పౌలు కలుపుతాడు. సాక్షి ఎవరు అని అడగడం అలవాటైన పిల్లలకు ఆ వచనం ఎందుకు అక్కడ ఉందో వెంటనే అర్థమైంది. మొదట్లోనే ఈ వచనాలు చదివించి ఉంటే వాళ్లకు అది ఇంకో జవాబులాగే వినబడేదని నా అభిప్రాయం.

ఇప్పుడు శిక్షణలో టీచర్లను ప్రతి కథ పక్కన మూడు మాటలు రాసుకోమంటున్నాను: ఎవరు, ఎన్నేళ్లకు, ఎవరి దగ్గర విని. తెలియకపోతే “విన్నాను” అని రాసి, అలాగే చెప్పమంటున్నాను. పిల్లలు ఆ మాటను గౌరవిస్తారు.

పదేళ్లలోపు పిల్లలకు ఇది ఎలా చేయాలో టీచరమ్మకూ నాకూ ఇంకా ఏకాభిప్రాయం లేదు. వాళ్లకు ఎలుకలతోనే చెప్పి పెద్దయ్యాక వివరించవచ్చని ఆమె అంటారు. “అని చెప్పుకుంటారు” అన్న ఒక్క మాటను అయిదేళ్ల పిల్ల కూడా తీసుకోగలదని నేనంటాను. అంతకంటే కష్టమైనది బ్రతికి ఉన్నవాళ్ల సాక్ష్యాలు. ఆరాధనలో లేచి స్వస్థత గురించి చెప్పిన అక్కను ఎవరూ ఫోన్ తీసి పరీక్షించకూడదు. అదే సాక్ష్యం వేరే ఊళ్లో, వేరే పేరుతో, ప్రసంగంలో వినబడినప్పుడు ఏం చేయాలో టీచరమ్మ అడిగారు. దాని మీద వచ్చే శిక్షణలో పాస్టర్లతో కలిసి కూర్చోబోతున్నాం. అబ్బాయి కూడా వస్తానన్నాడు.